అణుబాంబు, ఊరి జనం: హిరోషిమా వాదనలో చిక్కుముడి ఎక్కడ పడింది?

హిరోషిమా మాట వస్తే మన దగ్గర రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. ఒకటి "ఘోరం, మానవజాతికే మచ్చ" అనేది. ఏటా ఆగస్టు 6న స్కూళ్లలో పెట్టే వ్యాసరచన పోటీల నిండా ఇదే ఉంటుంది. రెండోది "బాంబు వెయ్యకపోతే యుద్ధం ఆగేది కాదు, ఇంకా లక్షల మంది పోయేవాళ్లు" అనేది. ఇది కాస్త లోకం చూసినవాళ్ల మాటలా వినిపిస్తుంది. తమాషా ఏమిటంటే ఒకే మనిషి ఈ రెండూ అనగలడు. ఆగస్టులో మొదటిది అంటాడు, సరిహద్దులో టెన్షన్ మొదలైనప్పుడు రెండోది అంటాడు.

మొదటిది జరిగినదాన్ని చూసి పడే బాధ. రెండోది జరగనిదాన్ని ఊహించి కట్టే లెక్క. ఈ రెండూ ఎదురెదురుగా నిలబడి ఎంతసేపు అరుచుకున్నా తేలదు, ఎందుకంటే అసలు ప్రశ్న ఈ రెండింటిలోనూ లేదు. ఆ ఊళ్లో చనిపోయినవాళ్లు ఏదో సైనిక లక్ష్యానికి అడ్డంగా ఉండి పోయారా, లేక గురి పెట్టిందే వాళ్ల మీదా? యుద్ధంలో సామాన్య జనం మీద అణుబాంబు వెయ్యడం నీతా కాదా అన్నది, నా ఉద్దేశంలో, ఈ ప్రశ్న దగ్గరే తేలుతుంది.

ముందు జరిగింది చూద్దాం. 1945 ఆగస్టు 6 పొద్దున 8 గంటల 15 నిమిషాలకు ఎనోలా గే అనే అమెరికా బి-29 విమానం వదిలిన బాంబు హిరోషిమా నేలకు దాదాపు 600 మీటర్ల ఎత్తున పేలింది. నేలను తాకి పేలడం కాదు, గాలిలోనే పేలేలా అమర్చారు. అలా అయితేనే పేలుడు ఒత్తిడికి ఎక్కువ ఇళ్లు కూలతాయి. గురి పెట్టింది ఊరి నడిమధ్య ఉన్న ఐయోయి వంతెనకు. కాస్త పక్కకు జరిగి షిమా ఆసుపత్రి నెత్తిన పేలింది. బాంబులో సుమారు 64 కిలోల యురేనియం ఉంటే, అందులో విచ్ఛిత్తి అయింది, అంటే అణువులు చీలి శక్తి వదిలింది, కిలో కూడా లేదు. ఆ కిలోలోపు యురేనియమే దాదాపు 15,000 టన్నుల టీఎన్‌టీ అనే మామూలు పేలుడు పదార్థం పని చేసింది.

అంకెలు చదివితే ఏమీ అనిపించదు. నెల్లూరు మ్యాపు తీసి వి.ఆర్.సి. సెంటరు మీద వేలు పెట్టండి. హిరోషిమాలో పేలుడు కేంద్రం చుట్టూ దాదాపు రెండు కిలోమీటర్ల మేర కూలిపోయినవి కూలిపోగా మిగిలినవి తగలబడ్డాయి. ఇక్కడ అంత మేర అంటే ట్రంకు రోడ్డు, గాంధీబొమ్మ, రైల్వే స్టేషను, మూలాపేట, సంతపేట, పొగతోట అన్నీ వస్తాయి. పొగతోట సంగతే తీసుకోండి. ఉదయగిరిలో పాము కరిచినా, ఆత్మకూరులో కాన్పు కష్టమైనా, కావలి దగ్గర హైవే మీద యాక్సిడెంట్ అయినా ఆటోలో, అంబులెన్సులో ఎక్కించుకుని పరుగెత్తేది అక్కడికే. ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు, మందుల షాపులు, బయట కొబ్బరిబోండాలవాళ్లు, వరండాల్లో నిద్రపోయే రోగుల బంధువులు. బాంబు పడితే గాయపడినవాళ్లను తీసుకెళ్లాల్సిన చోటే ముందు పోతుంది. హిరోషిమాలో అదే జరిగింది. ఊళ్లో ఉన్న డాక్టర్లు, నర్సుల్లో నూటికి తొంభై మందికి పైగా చనిపోయారు లేదా గాయపడ్డారు. కాలిన ఒంటితో నడుచుకుంటూ వచ్చినవాళ్లకు కట్టు కట్టేవాళ్లు లేరు, కట్టడానికి గుడ్డ లేదు.

ఆ సంవత్సరం చివరికి హిరోషిమాలో పోయినవాళ్లు సుమారు 1,40,000 మంది. ఒంటి మీద గీత కూడా పడనివాళ్లు కొందరు, రెండు మూడు వారాల తర్వాత జుట్టు ఊడిపోయి, చిగుళ్ల నుంచి రక్తం కారి చనిపోయారు. కొన్నేళ్ల తర్వాత రక్త క్యాన్సర్లు పెరిగాయి. ఆగస్టు 9న నాగసాకి మీద పడిన ప్లుటోనియం బాంబుకు ఇంకో 70,000 మంది. ఆ రోజు మొదట అనుకున్న ఊరు నాగసాకి కూడా కాదు, కోకురా. అక్కడ మబ్బు, పొగ కమ్ముకుని కింద ఏమీ కనపడక విమానం నాగసాకి వైపు తిరిగింది. కోకురా జనం బతకడానికి, నాగసాకి జనం చావడానికి కారణం ఆ పూట ఆకాశం.

బాంబు పక్షాన చెప్పే వాదన

దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. ఆ రోజుల్లో జపాను ఏం చేస్తోందో చూస్తే కోపం రావడం సహజం. 1937లో నాన్‌జింగ్‌లో చేసిన ఊచకోత, చైనాలో బతికున్న మనుషుల మీద రోగక్రిములతో చేసిన ప్రయోగాలు, ఖైదీలను చంపిన తీరు, ఇవన్నీ రికార్డులో ఉన్నవే. మనకూ ఆ సెగ తగిలింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ నెలలో మద్రాసు జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు పారిపోయారు. బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ఏ ఊరికీ జపాను దూరం కాదని అప్పుడు తెలిసింది.

ఇక యుద్ధం లెక్క. 1945 ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాగిన ఒకినావా పోరులో అమెరికా సైనికులు 12,000 మందికి పైగా చనిపోయారు. జపాను సైనికులు లక్షకు దగ్గరగా, ఆ దీవి జనం ఇంచుమించు అంతమంది పోయారని అంచనా. అది ఒక చిన్న దీవి. నవంబరు 1న జపాను ప్రధాన భూభాగంలో క్యూషూ మీద దిగాలని అమెరికా ప్లాను వేసుకుని ఉంది. దిగితే ఎన్ని ఒకినావాలు జరిగేవి? 1947లో, అప్పటికి పదవి నుంచి తప్పుకున్న యుద్ధమంత్రి హెన్రీ స్టిమ్సన్, చనిపోయేవాళ్లూ గాయపడేవాళ్లూ కలిపి అమెరికా వైపే పది లక్షలు దాటేదని రాశాడు. 1945 జూన్‌లో సైన్యం లోపల వేసుకున్న కొన్ని అంచనాలు దానికన్నా చాలా తక్కువ. ఏ అంకె తీసుకున్నా చిన్నది కాదు. పైగా చైనాలో, ఆగ్నేయాసియాలో జపాను ఆక్రమణ కింద జనం నెలనెలా చస్తూనే ఉన్నారు. యుద్ధం ఒక నెల ముందు ఆగితే వాళ్లు కూడా బతుకుతారు. బాంబును తప్పుపట్టేవాళ్లు ఈ చివరి సంగతి సాధారణంగా ఎత్తరు. ఎత్తాలి.

మరి బాంబు వల్లే యుద్ధం ఆగిందా? ఇక్కడ చరిత్రకారులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. ఆగస్టు 8న సోవియట్ యూనియన్ జపాను మీద యుద్ధం ప్రకటించి, తెల్లారేసరికి మంచూరియాలోకి సైన్యాన్ని దింపింది. రష్యాను మధ్యవర్తిగా పెట్టి బయటపడదామన్న జపాను ఆశ అక్కడితో పోయింది. 9వ తేదీన టోక్యోలో యుద్ధ మండలి కూర్చుంది. నాగసాకి వార్త వచ్చాక కూడా ఆరుగురిలో ముగ్గురు ఇటు, ముగ్గురు అటు. ఆ రాత్రి చక్రవర్తి కల్పించుకుంటే గానీ తేలలేదు. లొంగుబాటుకు వాళ్లు పెట్టిన ముఖ్యమైన షరతు చక్రవర్తి పీఠం ఉండాలని. అమెరికా చివరికి ఆయన్ని ఉండనిచ్చింది కూడా. ఆ మాట జూలైలోనే స్పష్టంగా చెప్పి ఉంటే ఏమయ్యేదో ఎవరూ రుజువు చెయ్యలేరు.

ఈ తగువు తేలేదాకా నీతి ప్రశ్నను పక్కన పెట్టాలా? అక్కర్లేదు. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ నిర్ణయం తీసుకున్నది మనకు తెలిసినదాంతో కాదు, ఆనాడు ఆయన ముందున్నదాంతో. ఒక పని పారిందా లేదా అన్నది ఒకటి, చెయ్యదగిందా కాదా అన్నది ఇంకొకటి. లంచం ఇస్తే ఫైలు కదిలిందన్నంత మాత్రాన లంచం మంచిదైపోదు గదా.

మే 31 నాటి ఒక వాక్యం

అసలు ముడి 1945 మే 31న వాషింగ్టన్‌లో పడింది. బాంబు ఎలా వాడాలో సలహా ఇవ్వడానికి స్టిమ్సన్ అధ్యక్షతన ఒక కమిటీ కూర్చుంది. ఆనాటి మినిట్స్ ఉన్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు. అందులో తేల్చిన విషయం క్లుప్తంగా ఇది: జపానుకు ముందుగా హెచ్చరిక ఇవ్వలేం, సామాన్య జనం ఉండే ప్రాంతం మీద గురి పెట్టలేం, అయితే వీలైనంత ఎక్కువమంది మనసు మీద లోతైన ముద్ర పడాలి. ఆ వెంటనే, హార్వర్డ్ యూనివర్సిటీ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ సూచన మీద, అన్నిటికన్నా మంచి టార్గెట్ ఎలాంటిదో రాశారు. ఎక్కువమంది కార్మికులు పనిచేసే ఒక ముఖ్యమైన యుద్ధ కర్మాగారం, దాని చుట్టూ దగ్గర దగ్గరగా కార్మికుల ఇళ్లు.

ఆ చివరి మాట ఇంకోసారి చదవండి. కర్మాగారం నాశనం చెయ్యడమే పని అయితే చుట్టూ ఇళ్లు ఉండటం ఒక ఇబ్బంది, తప్పనిసరై భరించాల్సిన దోషం. ఇక్కడ అది దోషంగా రాయలేదు, అర్హతగా రాశారు. కృష్ణపట్నం పోర్టునో, అక్కడి థర్మల్ ప్లాంటునో శత్రువు కొట్టాడనుకోండి. పోర్టు కొట్టబోతే పక్కన ముత్తుకూరులో ఇళ్లు కూలడం ఒక రకం. ముత్తుకూరు ఇళ్లు పక్కన ఉన్నాయి కాబట్టే ఈ పోర్టును ఎంచుకోవడం ఇంకో రకం. రెండింట్లోనూ చనిపోయే సంఖ్య ఒకటే కావచ్చు, చేసిన పని మాత్రం ఒకటి కాదు.

టార్గెట్లు ఎంచే ఇంకో కమిటీ మే నెలలోనే హిరోషిమా గురించి రాసిన నోట్ కూడా ఇదే దారిలో ఉంది. అదొక ముఖ్యమైన సైనిక డిపో, సైన్యం ఓడలెక్కే రేవు అని రాసి, ఊరి సైజు చూస్తే చాలా భాగం దెబ్బతినేలా ఉందని, పక్కనున్న కొండల వల్ల పేలుడు తాకిడి కేంద్రీకృతమై నష్టం పెరగొచ్చని కూడా చేర్చారు. హిరోషిమాలో నిజంగానే ఒక పెద్ద సైనిక ప్రధాన కేంద్రం ఉంది, వేల మంది సైనికులున్నారు. అందుకే ఆగస్టు 9 రేడియో ప్రసంగంలో ట్రూమన్ దాన్ని "సైనిక స్థావరం" అన్నాడు. కానీ సైనిక స్థావరాన్ని కొట్టదలుచుకున్నవాడు కొండల సాయం లెక్కవేసుకుని ఊరి మధ్యలోని వంతెనకు గురి పెట్టడు. రెండు వారాల ముందు, జూలై 25న, ట్రూమన్ డైరీలో టార్గెట్ సైనికులే గానీ ఆడవాళ్లు, పిల్లలు కాదని రాసుకున్నాడు. తనను తాను మోసం చేసుకున్నాడో, కింద ఏం రాస్తున్నారో సరిగ్గా చదవలేదో తెలియదు. రెండు బాంబులూ పడ్డాక, ఆగస్టు 10న, ఇంకో లక్ష మందిని తుడిచిపెట్టడం అనే ఆలోచనే భయంకరంగా ఉందని, ఆ పిల్లలను చంపడం తనకు ఇష్టం లేదని కేబినెట్‌లో అన్నట్టు ఆయన మంత్రి హెన్రీ వాలెస్ డైరీలో ఉంది. ఒక రోజు సైనిక స్థావరం, మర్నాటికి పిల్లలు.

దీన్ని తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. ఆ పొద్దున హిరోషిమా జనమంతా ఎలాగో ఊరు వదిలి వెళ్లిపోయి ఉంటే, ఖాళీ ఇళ్ల మీద, సైనిక స్థావరం మీద బాంబు పడి ఉంటే, వేసినవాళ్ల పని నెరవేరేదా? గురి నిజంగా సైన్యమే అయితే నెరవేరాలి. చిత్రం ఏమిటంటే ఇది ఊహ కూడా కాదు. మనుషులు లేని చోట పేల్చి లోకానికి చూపిద్దామని జేమ్స్ ఫ్రాంక్ నాయకత్వంలో కొందరు శాస్త్రజ్ఞులు 1945 జూన్‌లోనే రిపోర్టు ఇచ్చారు. జూలైలో లియో జిలార్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఇంకో పిటిషన్ తిప్పి డెబ్బై మంది దాకా సంతకాలు పెట్టించాడు. ఫ్రాంక్ సూచనను పరిశీలించి పక్కన పెట్టారు. బాంబు పేలకపోతే పరువు పోతుందని, పేలినా జపాను నమ్మకపోవచ్చని కారణాలు చెప్పారు. ఆ కారణాల్లో కొంత పస ఉంది కూడా. కానీ వాటి అర్థం ఒకటే: జనం చావు లేకుండా సందేశం అందదని. అంటే జనం చావే సందేశం.

"వాళ్లేమన్నా అమాయకులా?"

2025 మేలో, ఆపరేషన్ సిందూర్ జరుగుతున్న రోజుల్లో, నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర టీ కొట్లో విన్న మాటలివి. ఒక కుర్రాడు, ఎదురుగా రిటైరైన హిస్టరీ మాస్టారు.

"ఒకటి ఏసేస్తే పీడా వదిలిపోద్ది గదా మాస్టారూ."

"యాడ ఏస్తావు అబ్బయా?"

"కరాచీ మీద."

"ఆడ ఎవురుండారు?"

"పాకిస్తానోళ్లు."

మాస్టారు ఇంకేమీ అనలేదు. ఆ కుర్రాడి జవాబులో దుర్మార్గం ఏమీ లేదు. యుద్ధం మాట్లాడేటప్పుడు కోటిన్నర దాటిన జనాభా ఉన్న ఊరు ఒకే మనిషి అయిపోతుంది. దాన్నే కాస్త చదువుకున్న భాషలో చెబితే ఇలా ఉంటుంది: ఇది సంపూర్ణ యుద్ధం, ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, పొలంలో పండించేవాడు, పన్ను కట్టేవాడు అందరూ యుద్ధంలో భాగమే, కాబట్టి సామాన్య జనం అంటూ ఎవరూ లేరు.

ఈ వాదనకు మొలగొలుకులు పండించిన నెల్లూరు రైతును అడ్డం పెట్టి చూద్దాం. అతని బియ్యం సైనికుడు తింటాడు. అయితే అతనూ సైనికుడేనా? అన్నం సైనికుడికి మనిషి కాబట్టి కావాలి. యుద్ధం లేకపోయినా కావాలి. తుపాకీ గుండు మాత్రం సైనికుడు కాబట్టే కావాలి. గుండ్లు చేసే ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నవాణ్ణి యుద్ధంలో భాగం అనడానికి కారణం కనపడుతుంది. అతను ఇంటికొచ్చి కూతురికి జడ వేస్తున్నప్పుడు ఆ కారణం పలచబడుతుంది. కూతురి విషయంలో అసలు లేదు. హిరోషిమాలో ఆ పొద్దున పన్నెండు, పదమూడేళ్ల స్కూలు పిల్లలు వేల మంది వీధుల్లో ఉన్నారు. మంటలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి అంటుకోకుండా మధ్యలో ఇళ్లు పడగొట్టించి ఖాళీ చేయిస్తున్నారు, ఆ చెత్త ఎత్తడానికి పిల్లలను తీసుకొచ్చారు. ఆరుబయట ఉన్నారు కాబట్టి వేలల్లో చనిపోయారు. పనికోసం జపాను లాక్కొచ్చిన కొరియావాళ్లు వేల మంది పోయారు. బందీలుగా ఉన్న కొందరు అమెరికా సైనికులు కూడా పోయారు. ఊరి మీద వేసిన బాంబుకు ఎవరు ఎవరో తెలిసే దారి లేదు.

ఒక విషయం ఒప్పుకోవాలి. సైనికుడికీ సామాన్యుడికీ మధ్య ఉన్న ఈ గీత చెరిగిపోయింది ఆగస్టు 6న కాదు. 1939 సెప్టెంబరు 1న, యుద్ధం మొదలైన రోజే, జనం ఉన్న ఊళ్ల మీద బాంబులు వెయ్యవద్దని అన్ని పక్షాలకూ విజ్ఞప్తి చేసింది అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్. ఆరేళ్లలో అది ఎక్కడికి చేరిందో చూడండి. జర్మనీ రాటర్‌డాం, కోవెంట్రీలను కాల్చింది. బ్రిటన్ 1943లో హాంబర్గును, 1945 ఫిబ్రవరిలో అమెరికాతో కలిసి డ్రెస్డెన్‌ను కాల్చింది. 1945 మార్చి 9 రాత్రి బి-29 విమానాలు టోక్యో చెక్క ఇళ్ల మీద నిప్పు బాంబులు కురిపిస్తే తెల్లారేసరికి లక్ష మంది వరకు చనిపోయారు. అది మామూలు బాంబులతోనే. హిరోషిమాను తిట్టి టోక్యోను మరిచిపోయేవాళ్లు బాంబు రకాన్ని చూస్తున్నారే తప్ప చేసిన పనిని చూడటం లేదు. అణుబాంబు కొత్తగా తెచ్చింది పాత పనిని ఒక్క విమానంతో, ఒక్క నిమిషంలో చేసే సౌకర్యం. దానితోపాటు రేడియేషన్, అంటే యుద్ధం ముగిశాక కూడా చంపే గుణం.

ఇక "ఎక్కువమంది బతికారు" అనే లెక్క. ఇందులో బలం ఉంది. చేతులకు మట్టి అంటకూడదని లక్షల మందిని చావనిచ్చే నాయకుడు మహాత్ముడేమీ కాదు. కానీ ఆ లెక్కను నిజంగా నమ్మేవాళ్లు ఒక మెట్టు ముందుకెళ్లి చూడాలి. విమానం బదులు అమెరికా సైనికులు హిరోషిమాలో దిగారనుకుందాం. అవే లక్షా నలభై వేల మందిని, ఆ స్కూలు పిల్లలతో సహా, వంతెన మీద వరసగా నిలబెట్టి, టోక్యో లొంగేదాకా ఒక్కొక్కరినీ కాల్చారనుకుందాం. సంఖ్య అదే, ఫలితం అదే, ఆగిన యుద్ధం అదే. దాన్ని సమర్థించడానికి నోరు పెగిలే మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు. రెండింటికీ ఉన్న తేడా దాదాపు 9,500 మీటర్ల ఎత్తు మాత్రమే.

బాంబా, దాడా అని రెండే దారులున్నట్టు చెప్పడం కూడా సరికాదు. చక్రవర్తి విషయంలో మాట ఇవ్వడం, రష్యా దిగేదాకా ఆగడం, ఖాళీ చోట పేల్చి చూపడం, దిగ్బంధం కొనసాగించడం ఉన్నాయి. ప్రతిదానికీ ఖరీదు ఉంది. దిగ్బంధం అంటే ఆకలి, అది కూడా ముందు పసిపిల్లలనే తింటుంది. అయినా స్టిమ్సన్ తల్చుకుంటే ఒక ఊరిని జాబితా నుంచి తీసెయ్యగలిగాడు. పాత రాజధాని క్యోటో సాంస్కృతికంగా గొప్ప ఊరని, దాన్ని నాశనం చేస్తే జపాను జనం ఎప్పటికీ క్షమించరని పట్టుబట్టి తీయించాడు. గుళ్ల విషయంలో సాధ్యమైన మినహాయింపు మనుషుల విషయంలో ఎందుకు తట్టలేదో అని నాకు తరచూ అనిపిస్తుంది.

పెన్న ఒడ్డున రాసిన కథ

బ్రహ్మాస్త్రం అంటే మన పూర్వులు కనిపెట్టిన అణుబాంబే అని వాట్సాప్‌లో తిరిగే మెసేజీలు అందరం చూశాం. వాటి మీద చర్చ దండగ. కానీ భారతంలో ఆ అస్త్రాల గురించి నిజంగా ఉన్న చర్చను ఆ మెసేజీలు పంపేవాళ్లు చదివినట్టు లేరు. కవికి అస్త్రం ఎలా పనిచేస్తుందన్న దానికన్నా, దాన్ని ఎవరి మీద వెయ్యకూడదన్న దాని మీదే ఎక్కువ ధ్యాస.

ఉద్యోగ పర్వంలో అర్జునుడు ధర్మరాజుతో తన దగ్గర పాశుపతం ఉందని చెబుతూనే, దివ్యాస్త్రాలతో మామూలు మనుషులను చంపడం తగదని, నేరుగా పోరాడే గెలుద్దామని అంటాడు. ద్రోణ పర్వంలో ఇదే మాట తిరగబడి వస్తుంది. ద్రోణుడు బ్రహ్మాస్త్రంతో అస్త్రవిద్య తెలియని సైనికులను కాల్చేస్తుంటే ఋషులు దిగివచ్చి నువ్వు చేసింది మంచి పని కాదు, ఆయుధం కింద పెట్టమంటారు. చనిపోయినవాళ్లు యుద్ధంలో ఉన్న సైనికులే. అయినా, ఎదురు చెప్పే దారి లేనివాళ్ల మీద ఆ ఆయుధం తప్పు. మరి సైనికులు కూడా కానివాళ్ల సంగతి?

దానికి జవాబు సౌప్తికంలో ఉంది. నిద్రపోతున్న ఉపపాండవులను నరికి పారిపోయిన అశ్వత్థామ, తరుముకొచ్చిన భీముణ్ణి, వెనకే వచ్చిన కృష్ణార్జునులను చూసి ఒక గడ్డిపోచను మంత్రించి బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని వదులుతాడు. అర్జునుడు దాన్ని ఆపడానికి తనదీ వదులుతాడు. మధ్యలో వ్యాసుడు, నారదుడు వచ్చి నిలబడి ఉపసంహరించమంటారు. అర్జునుడు వెనక్కి తీసుకుంటాడు. అశ్వత్థామకు వెనక్కి తీసుకోవడం చేతకాదు. తీసుకోలేనిదాన్ని పాండవ స్త్రీల గర్భాల మీదికి తిప్పుతాడు. అతనికీ కారణం ఉంది. తండ్రిని అబద్ధం చెప్పి చంపారు, ఆ అన్యాయం నిజం. హిరోషిమా తర్వాత ట్రూమన్ కూడా పెరల్ హార్బర్ మీద జపాను చేసిన దాడిని గుర్తు చేశాడు, మృగంతో వ్యవహరించేటప్పుడు మృగంలాగే చూడాలని ఉత్తరంలో రాశాడు. భారతం అశ్వత్థామ కారణాన్ని దాచదు. అయినా పుట్టని బిడ్డ మీదికి అస్త్రం తిప్పినందుకు మూడు వేల ఏళ్లు తోడు లేకుండా తిరగమని అతనికి శాపం.

విరాట పర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేసింది మన తిక్కన, మనుమసిద్ధి ఏలుబడిలో, ఈ పెన్న ఒడ్డునే. ఉద్యోగం, ద్రోణం, సౌప్తికం మూడూ ఆ పదిహేనులోవే. కురుక్షేత్రంలో పెట్టుకున్న నియమాలను రెండు పక్షాలూ తుంగలో తొక్కాయని, అందులో కృష్ణుడి సలహా కూడా ఉందని కూడా ఆ పర్వాలే చెబుతాయి. నియమం తప్పినప్పుడు తప్పినట్టు రాయడం వేరు, నియమమే లేదనడం వేరు. కోనంట్ వాక్యంలో నన్ను కలవరపెట్టేది ఆ రెండోదే.

మరి మన బాంబు సంగతి?

ఇక్కడ చాలామంది వ్యాసం మూసేస్తారు. పరాయివాళ్ల పాపం కాబట్టి తీర్పు చెప్పడం సులువు. మన దగ్గరా అణ్వాయుధాలు ఉన్నాయి. 1974లో ఒకసారి, 1998 మేలో మరోసారి పోఖ్రాన్‌లో పరీక్షలు చేశాం. 2003 జనవరి 4న కేంద్రం ప్రకటించిన విధానం ప్రకారం మనం ముందుగా వెయ్యం. అది మంచి హామీ, పాకిస్తాన్ అలాంటి మాట ఇవ్వలేదు. కానీ మన మీద పడితే మన ప్రతిదాడి భారీగా, శత్రువు భరించలేని నష్టం కలిగించేలా ఉంటుందని అదే ప్రకటన చెబుతుంది. భరించలేని నష్టం అంటే ఏమిటి? సైనిక స్థావరాలా, ఊళ్లా? ప్రకటనలో లేదు.

దీన్ని సమర్థించేవాళ్లు చెప్పేది ఇది: బెదిరింపు గట్టిగా ఉంటేనే అవతలివాడు వెయ్యడు, కాబట్టి ఎప్పటికీ వాడాల్సిన అవసరం రాదు. ఇంతవరకు అలాగే జరిగింది కూడా. ఇబ్బంది ఎక్కడంటే, ఆ బెదిరింపు పనిచెయ్యాలంటే నిజంగా చెయ్యడానికి సిద్ధంగా ఉండాలి. ఏదో ఒక రోజు మన ఊరు ఒకటి బూడిదయ్యాక, అక్కడి ఊరిని బూడిద చేస్తే మనవాళ్లు తిరిగి రారు. ఆపాల్సిన యుద్ధం అప్పటికే ఆగలేదు. అప్పుడు ఆ బాంబు పని ఏమిటి? అశ్వత్థామ పనే. పైగా రెండు దేశాల మధ్య అణుయుద్ధంలో కాలే ఊళ్ల పొగ ఎండను అడ్డుకుని, యుద్ధంతో సంబంధం లేని దేశాల్లో కూడా పంటలు పోతాయని వాతావరణ శాస్త్రజ్ఞులు లెక్కలు వేశారు.

గాంధీ 1921లో పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించాడు, నెల్లూరుకు కూతవేటు దూరంలో. పాతికేళ్ల తర్వాత, 1946 జూలైలో, అణుబాంబు మనిషిని యుగాలుగా నిలబెట్టిన సున్నితమైన స్పృహను చంపేసిందని రాశాడు. ఓడినవాళ్లకు ఏమైందో కనపడుతోంది, వేసినవాళ్ల ఆత్మకు ఏమైందో చెప్పడానికి ఇంకా టైము పట్టొచ్చని కూడా అన్నాడు. అహింసావాది కాబట్టి అన్నాడులే అని కొట్టిపారెయ్యొచ్చు. అయితే అహింసతో పనిలేని చోట కూడా ఇలాంటి మాటే వచ్చింది. టోక్యో యుద్ధనేరాల విచారణలో కూర్చున్న మన జడ్జి రాధాబినోద్ పాల్, పసిఫిక్ యుద్ధంలో నాజీ నాయకుల ఆదేశాలకు దగ్గరగా వచ్చేది ఏదన్నా ఉంటే అది అణుబాంబు వాడాలన్న నిర్ణయమేనని తన భిన్న తీర్పులో రాశాడు. 1963 డిసెంబరులో టోక్యో జిల్లా కోర్టు, పరిహారం అడిగిన బాధితుల కేసు కొట్టేస్తూనే, బాంబు దాడులు అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని తేల్చింది.

హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 1996 జూలై 8న ఇచ్చిన సలహా అభిప్రాయం ఇంత స్పష్టంగా లేదు. అణ్వాయుధాల వాడకం సాధారణంగా యుద్ధ చట్టాలకు విరుద్ధమేనని అంటూనే, దేశం ఉనికికే ముప్పు వచ్చిన చివరి పరిస్థితిలో ఆత్మరక్షణకు వాడితే ఏమిటో తేల్చలేమంది. జడ్జీలు ఏడుగురు అటు, ఏడుగురు ఇటు, అధ్యక్షుడి ఓటుతో గట్టెక్కింది. మన పత్రికల్లో దాదాపు ఎవరూ గుర్తుచెయ్యని సంగతి ఒకటి ఇక్కడుంది. ఆ కేసులో 1995లో భారత ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పింది ఏమిటంటే, అణ్వాయుధాల వాడకం చట్టవిరుద్ధం, ప్రతీకారంగా వాడినా చట్టవిరుద్ధమే అని. మూడేళ్లకు పరీక్షలు చేశాం. ఎనిమిదేళ్లకు భారీ ప్రతీకారం అన్నాం. పరిస్థితులు మారాయి, ఎదుటివాడి దగ్గరా బాంబు ఉంది, నిజమే. కానీ 1995లో చెప్పిన కారణం సామాన్య జనానికి సంబంధించింది. వాళ్లేమీ మారలేదు.

బాంబులు పారేద్దామని నేను అనడం లేదు, పక్కింట్లో బాంబు ఉండగా అది ఒక్కరివల్ల అయ్యేది కాదు. అడగదగింది ఇంకోటి ఉంది. 2013లో అమెరికా తన అణు ప్రణాళికలు కావాలని సామాన్య జనాన్ని టార్గెట్ చెయ్యవని ప్రకటించింది. కర్మాగారం, చుట్టూ ఇళ్లు అన్న పాత వాక్యం తెలిసినవాళ్లకు ఆ ప్రకటన మీద పూర్తి నమ్మకం కుదరదు, అయినా బహిరంగంగా ఇచ్చిన మాట ఒకటి చేతిలో ఉంటే నిలదియ్యడానికి ఆధారం ఉంటుంది. మన 2003 ప్రకటనలో ఆ మాట కూడా లేదు. పాకిస్తాన్‌తో ఇలాంటి ఒప్పందం అసాధ్యం అనుకోవడానికి వీల్లేదు. ఒకరి అణు కేంద్రాల మీద ఇంకొకరు దాడి చెయ్యకూడదని 1988 డిసెంబరు 31న రెండు దేశాలూ సంతకాలు చేశాయి. 1992 నుంచి ఏటా జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి, కార్గిల్ తర్వాత కూడా ఆపలేదు. రియాక్టర్ల విషయంలో కుదిరిన ఆ ఒప్పందంలోకి ఊళ్లను కూడా చేర్చమని ఢిల్లీని అడిగే పార్లమెంటు సభ్యుడు, ఏ పార్టీ అయినా సరే, ముందు మన వైపు నుంచి ఒకరు కావాలి.